చలానా చిన్నదే, దాచడం చిన్నది కాదు

అమెరికాలో గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు దాటాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎప్పుడో స్పీడింగ్ టికెట్ పడింది. ఫైన్ కట్టేశాను. అది ఫారంలో రాయాలా, అక్కర్లేదా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. రాయాలి. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో నీతిబోధ ఏమీ లేదు. ప్రతి ప్రభుత్వ ముద్ర కిందా "సత్యమేవ జయతే" అని అచ్చు వేసుకున్న దేశంలో నీతిబోధలకి కొరత ఎప్పుడూ లేదు. నా బాధ వేరే. "రాయొద్దు" అని సలహా ఇచ్చేవాళ్ళు వాడే తర్కం, మనం ఇన్నేళ్ళుగా బాబాల విషయంలో, జ్యోతిష్కుల విషయంలో తప్పని చెబుతూ వచ్చిన తర్కమే. చదువుకున్న వాళ్ళు, దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఈ విషయంలో ఆ తర్కంలోనే పడిపోతున్నారు.

సూరత్ లో ఉండేవాణ్ణి అమెరికా ఫారాల గురించి ఎందుకు రాస్తున్నానని మీరు అడగొచ్చు. మా నాన్న సిరిసిల్ల నుంచి పవర్ లూమ్ పనికి ఇక్కడికి వచ్చాడు. లింబాయత్ వైపు వస్తే మీకు గల్లీ గల్లీకీ తెలుగు వినిపిస్తుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన చేనేత కుటుంబాలు మావి. ఇక్కడి మున్సిపాలిటీ మా పిల్లల కోసం తెలుగు మీడియం బడులు కూడా నడిపింది. ఆ బడుల్లో చదివిన వాళ్ళ పిల్లలు ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు టెక్సాస్ లోనూ, న్యూజెర్సీలోనూ ఉన్నారు. కాగితం ఏదొచ్చినా చదివి అర్థం చెబుతాడని గల్లీలో నాకొక పేరుంది. అందుకని వాళ్ళ ఫోన్లు నాకు వస్తాయి. నేను లాయర్ని కాను. చదవడం వచ్చిన మనిషిని, అంతే.

పోయిన ఏడాది మా వీధి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. రెండు స్పీడింగ్ టికెట్లు, స్టాప్ గుర్తు దగ్గర ఆగనందుకు ఇంకొకటి, మొత్తం మూడు. మూడింటికీ డబ్బు కట్టేశాడు. "మా టీమ్ లో నలుగురు రాయలేదు బాబాయ్, నలుగురికీ సిటిజన్‌షిప్ వచ్చింది. ఫారం నింపిపెట్టే కన్సల్టెంటు కూడా నో అని టిక్ పెట్టెయ్ అంటున్నాడు" అన్నాడు. నేను అడిగాను: "నీకు వీసా వచ్చినప్పుడు మీ అమ్మ చిలుకూరులో మొక్కుకున్నందుకే వచ్చిందంది. నువ్వు నవ్వావు, గుర్తుందా?" "గుర్తుంది." "ఎందుకు నవ్వావు?" "మొక్కుకోని వాళ్ళకీ వచ్చింది కదా బాబాయ్, మొక్కుకుని రాని వాళ్ళూ ఉన్నారు కదా." "మరి ఇప్పుడు నువ్వు చెప్పే నలుగురి లెక్క, మీ అమ్మ లెక్కకి వేరెట్లా అవుతుందిరా?"

చిలుకూరు సంగతి మన పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. గండిపేట చెరువు పక్కన ఉన్న ఆ బాలాజీకి వీసా బాలాజీ అని పేరు. పోయినప్పుడు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక వచ్చి 108 ప్రదక్షిణలు. ఈ ఏర్పాటులోనే ఒక కిటుకు ఉంది. పని అయినవాడే తిరిగి వచ్చి 108 తిరుగుతాడు. పని కానివాడు రాడు. కాబట్టి గుడి చుట్టూ ఏ రోజు చూసినా కనిపించేది వీసా వచ్చినవాళ్ళు, రావాలని కోరుకుంటున్నవాళ్ళు. రానివాళ్ళు ఆ ఆవరణలో కనిపించరు. కనిపించని వాళ్ళని లెక్కలోకి తీసుకోకపోవడమే మహిమ.

"నేను టికెట్ రాయలేదు, నాకేమీ కాలేదు" అనేవాళ్ళు కూడా 108 తిరిగేవాళ్ళే. పార్టీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో గట్టిగా చెప్పేది వాళ్ళే. దాచి దొరికిపోయినవాడు నలుగురిలో చెప్పుకోడు, లాయరుకి చెప్పుకుంటాడు. నిజం రాసి, ఇంటర్వ్యూలో ఆఫీసరు ఒక నిమిషం అడిగి వదిలేస్తే, చెప్పడానికి అందులో కథేమీ లేదు. అది ఎవరికీ గుర్తుండదు. ఏ నమ్మకాన్నైనా పరీక్షించాలంటే నాలుగు గళ్ళు నింపాలని మనం ఎన్నిసార్లు రాసుకోలేదు? రాసినవాళ్ళలో వచ్చిందెందరికి, రానిదెందరికి? రాయనివాళ్ళలో వచ్చిందెందరికి, రానిదెందరికి? మా కుర్రాడి దగ్గర ఒక్క గడి మాత్రమే ఉంది. అందులో ఉన్నవాళ్ళు నలుగురు. ఆ నలుగురి మీద తన జీవితాన్ని పందెం కాయబోయాడు.

ఇందులో ఇంకో లోపం ఉంది. మొక్కు విషయంలో వీసా వచ్చాక కథ అయిపోతుంది. పౌరసత్వం విషయంలో వచ్చాక కూడా కథ అయిపోదు. అమెరికా చట్టం ప్రకారం అబద్ధం చెప్పి పొందిన పౌరసత్వాన్ని రద్దు చేయమని ప్రభుత్వం సివిల్ కోర్టుకి వెళ్ళడానికి కాలపరిమితి లేదు. క్రిమినల్ కేసుకి మాత్రం పదేళ్ళ గడువుంది. 2025 జూన్ లో అమెరికా న్యాయశాఖ సివిల్ విభాగం, పౌరసత్వ రద్దు కేసులకి ప్రాధాన్యం ఇవ్వమని తన లాయర్లకి లిఖితపూర్వకంగానే చెప్పింది. టికెట్లు దాచినవాళ్ళందరి వెంటా పడతారని నేననడం లేదు. ఆ నలుగురికి "ఏమీ కాలేదు" అనే మాట వెనక "ఇప్పటివరకు" అన్న మాట ఉందని చెబుతున్నాను.

సరే, అసలు ఫారం ఏమడుగుతోంది? సలహాలిచ్చేవాళ్ళలో చాలామంది ఇది చదివి ఉండరు. ఎన్-400 అనే ఆ ఫారంలో ఉన్న ప్రశ్న సారాంశం ఇది: ఏ పోలీసు అధికారి అయినా, అమెరికాలో గానీ మరెక్కడైనా గానీ, ఏ కారణం చేతనైనా, మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, సైటేషన్ ఇచ్చారా, నిర్బంధించారా? "ఎప్పుడైనా" అన్న మాట ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు. ట్రాఫిక్ టికెట్ అంటే సైటేషనే. చాలాచోట్ల ఆ కాగితం మీద ఆ మాటే ఉంటుంది. "నన్ను అరెస్టు చేయలేదు కదా" అని వాదించేవాడు ప్రశ్నలో ఒక్క మాట చదివి మిగతావి వదిలేస్తున్నాడు.

మరి "రాయక్కర్లేదు" అన్న పుకారు ఎక్కణ్ణుంచి పుట్టింది? నాకు తెలిసి దీని మూలం ఒక నిజమైన వాక్యం. మద్యం, మత్తుమందులతో సంబంధం లేకుండా, అరెస్టు లేకుండా, 500 డాలర్లలోపు ఫైను గానీ, లైసెన్సు మీద పాయింట్లు గానీ మాత్రమే శిక్షగా ఉన్న ట్రాఫిక్ సంఘటనలకి పత్రాలు జతచేయనక్కర్లేదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ విధాన సంపుటిలో ఉంది. జాగ్రత్తగా చదవండి. జతచేయనక్కర్లేనివి పత్రాలు. ప్రశ్నకి జవాబు ఇవ్వనక్కర్లేదని అందులో లేదు. "రుజువు పెట్టక్కర్లేదు" అన్నది నోటి నుంచి నోటికి పోయేసరికి "చెప్పక్కర్లేదు" అయింది. పురాణాలు పుట్టేది కూడా ఇట్లాగే. మూలంలో ఒక చిన్న నిజం ఉంటుంది. మధ్యలో ఎవరో ఒక మాట మారుస్తారు. మూడో నోటికి అది శాస్త్రం అయిపోతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. రెండు స్పీడింగ్ టికెట్లున్న మనిషికి పౌరసత్వం ఇవ్వకూడదని అమెరికా చట్టంలో ఎక్కడా లేదు. వాళ్ళు చూసేది "మంచి నైతిక ప్రవర్తన" అనే అర్హతని. మామూలుగా దరఖాస్తుకి ముందు ఐదేళ్ళ కాలాన్ని చూస్తారు. తాగి నడపడం వేరే సంగతి. ఆ ఐదేళ్ళలో తాగి నడిపిన కేసుల్లో రెండు శిక్షలు పడితే ప్రవర్తన మంచిది కాదని ముందే అనుకోవాలని 2019లో అక్కడి అటార్నీ జనరల్ నిర్ణయించారు. అతివేగం టికెట్టు ఆ కోవలోకి రాదు. అయితే అదే చట్టంలో, ప్రమాణం చేసి ఇమిగ్రేషన్ లాభం కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడికి మంచి ప్రవర్తన లేనట్టేనని ఒక నిబంధన ఉంది. ఆ అబద్ధం ముఖ్యమైన విషయం గురించే అయి ఉండాలా? అక్కర్లేదని 1988లో కుంగీస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో మనిషి అబద్ధం చెప్పింది తన పుట్టిన తేదీ, పుట్టిన ఊరు గురించి. అయితే అదే తీర్పు రెండు షరతులు కూడా పెట్టింది. అబద్ధం ప్రమాణం మీద నోటితో చెప్పినదై ఉండాలి, లాభం పొందాలన్న ఉద్దేశంతో చెప్పినదై ఉండాలి. మరిచిపోవడం, సిగ్గుపడటం, ప్రశ్న అర్థం కాకపోవడం అబద్ధంలోకి రావు.

పౌరసత్వ ఇంటర్వ్యూలో జరిగేదేమిటి? చెయ్యెత్తి ప్రమాణం చేయిస్తారు. ఆ తర్వాత ఆఫీసరు ఫారంలోని ప్రశ్నల్నే మళ్ళీ నోటితో అడుగుతాడు. టికెట్ ఉందని తెలిసి, పనికి అడ్డం వస్తుందేమోనని "నో" అన్నామనుకోండి. ఏ అడ్డూ కాని విషయాన్ని మనమే అడ్డంకిగా తయారు చేసుకున్నాం. 150 డాలర్ల ఫైనుతో అయిపోయిన సంగతికి ప్రమాణం మీద చెప్పిన అబద్ధాన్ని జతచేశాం.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. 2017 ఏప్రిల్ లో మాస్లెన్యాక్ కేసు విచారణలో అక్కడి ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ప్రభుత్వ లాయరుని ఒక మంచి ప్రశ్న అడిగారు. తాను ఒకప్పుడు 55 మైళ్ళ పరిమితి ఉన్న చోట 60 మైళ్ళ వేగంతో వెళ్ళానని, ఎవరూ పట్టుకోలేదని ఆయనే చెప్పారు. పట్టుబడకపోయినా ఏదైనా నేరం చేశారా అని కూడా ఫారం అడుగుతుంది కదా, దానికి నో అని రాస్తే ఇరవై ఏళ్ళ తర్వాత తలుపు తట్టి నువ్వు పౌరుడివి కావు అంటారా, అని. ప్రభుత్వ లాయరు అది కూడా చెప్పాల్సిందేనన్న వైఖరిలోనే నిలబడ్డాడు. న్యాయమూర్తులకి అది మింగుడు పడలేదు. ఆ జూన్ లో తీర్పు వచ్చింది. క్రిమినల్ కేసు పెట్టి పౌరసత్వం తీసేయాలంటే, చెప్పిన అబద్ధం పౌరసత్వం రావడంలో పాత్ర వహించిందని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ ఎలీనా కేగన్. కార్యకారణ సంబంధం చూపించమని ప్రభుత్వాన్నే నిలదీసిన తీర్పు అది. మనలాంటి వాళ్ళకి నచ్చాలి, నాకు నచ్చింది. కానీ దాన్ని పట్టుకుని "అయితే చిన్న అబద్ధాలకి భయం లేదు" అనుకోవద్దు. ఆ తీర్పు పౌరసత్వం వచ్చేసిన వాడికి, క్రిమినల్ కేసులో, రక్షణ. దరఖాస్తు బల్ల మీద ఉండగా ఆఫీసరు ముందు చెప్పే అబద్ధానికి అది గొడుగు పట్టదు.

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకునేవాళ్ళకి మన ఇంటి కేసు ఒకటి ఉంది. మా సూరత్ తెలుగువాళ్ళకైతే మరీ దగ్గరిది. సిరిసిల్ల పక్కనే వేములవాడ. అక్కడి నుంచి 2009లో చెన్నమనేని రమేశ్ శాసనసభకి గెలిచారు. 2010 ఉప ఎన్నికలోనూ, 2014లోనూ, 2018లోనూ మళ్ళీ గెలిచారు. ఆయన చాలాకాలం జర్మనీలో ఉండి ఆ దేశ పౌరసత్వం తీసుకున్నారు. తిరిగి వచ్చి 2008లో భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే 2009 ఫిబ్రవరిలో వచ్చింది. దరఖాస్తుకి ముందు ఏడాది పాటు ఇక్కడే నివసించి ఉండాలన్నది షరతు. ఆ ఏడాదిలో విదేశాలకి వెళ్ళిన సంగతి ఆయన దాచారన్నది ఆరోపణ. ఎన్నికల్లో ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ ఫిర్యాదు చేశారు. 2017లో కేంద్ర హోంశాఖ పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2019లో హైకోర్టు మళ్ళీ పరిశీలించమని వెనక్కి పంపింది. అదే ఏడాది నవంబరులో హోంశాఖ మళ్ళీ రద్దు చేసింది. 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు రద్దుని సమర్థించి, 30 లక్షల రూపాయల ఖర్చులు కూడా వేసింది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్ కి, మిగతా 5 లక్షలు న్యాయసేవల సంస్థకి.

ఈ కేసులో నేను చూసేది ఎవరు ఏ పార్టీ అన్నది కాదు. విదేశానికి వెళ్ళి రావడం నేరం కాదు, అవమానం కాదు. నిజం రాసి ఉంటే ఆ రోజుకి దరఖాస్తు తిరస్కరించేవాళ్ళేమో. ఏడాది ఇక్కడ ఉండి మళ్ళీ పెట్టుకుంటే సరిపోయేది. ఆ ఒక్క ఏడాది ఆగకపోవడం వల్ల పదిహేనేళ్ళ కోర్టు గొడవ. మన 1955 పౌరసత్వ చట్టంలోని 10వ సెక్షన్ కూడా మోసంతో గానీ, ముఖ్యమైన విషయం దాచి గానీ పొందిన పౌరసత్వాన్ని తీసేయొచ్చని చెబుతుంది. దేశాలు వేరైనా సూత్రం ఒకటే. చేసిన పని కంటే దాన్ని దాచడమే మనిషిని ముంచుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేస్తే నేను నిజాయితీ లేనివాణ్ణవుతాను. "2025లో చూశాం కదా, చిన్న చిన్న ట్రాఫిక్ కేసులకే స్టూడెంట్లని వెళ్ళగొట్టబోయారు. నిజం చెబితే మన పీకకే కదా?" భయం ఉత్తది కాదు. 2025 ఏప్రిల్ లో వేలమంది విదేశీ విద్యార్థుల రికార్డుల్ని అమెరికా ప్రభుత్వం ఉన్నట్టుండి రద్దు చేసింది. అక్కడి ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 ఉదంతాల్లో సగం భారతీయ విద్యార్థులవే. వాళ్ళలో స్పీడింగ్ టికెట్ తప్ప మరే మచ్చా లేనివాళ్ళు కూడా ఉన్నారు. కోర్టుల్లో దెబ్బ తిన్నాక ఆ నెలాఖరుకి ప్రభుత్వం రికార్డుల్ని పునరుద్ధరించింది. ఆ తర్వాత ఆగస్టులో ఇమిగ్రేషన్ శాఖ ఇంకో ఆదేశం తెచ్చింది. మంచి ప్రవర్తనని లెక్కగట్టేటప్పుడు నిర్లక్ష్యంగా, అలవాటుగా ట్రాఫిక్ నియమాలు ఉల్లంఘించడాన్ని కూడా చూడొచ్చని అందులో ఉంది.

అయితే ఆ విద్యార్థుల సంగతి ప్రభుత్వానికి ఎట్లా తెలిసింది? వాళ్ళు ఫారంలో రాసినందువల్లనా? కాదు. విద్యార్థుల పేర్ల జాబితాని పోలీసు నేర రికార్డుల కంప్యూటర్ తో సరిపోల్చారు. పేరు తగిలినవాళ్ళ రికార్డు తీసేశారు. అంటే వాళ్ళకి నష్టం చేసింది నిజం చెప్పడం కాదు, రికార్డు ముందే అక్కడ ఉండటం. ఇప్పుడు చెప్పండి, ఈ సంఘటన దాచమని నేర్పుతోందా, దాచడం కుదరదని నేర్పుతోందా? ఆఫీసరు కంప్యూటర్ లో ఉన్నదాన్ని ఆఫీసరు దగ్గరే దాచడం, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి చేసే పని. ఆగస్టు ఆదేశం కూడా అంతే. అలవాటుగా ఉల్లంఘించేవాడా కాదా అన్నది తేల్చుకునేటప్పుడు, మూడు టికెట్లు తానే తేదీలతో సహా రాసిచ్చినవాడు ఒకలా కనిపిస్తాడు, మూడింటినీ దాచి దొరికినవాడు ఇంకోలా కనిపిస్తాడు.

అలాగని నేను ఆ ఫారాన్ని వెనకేసుకు రావడం లేదు. పట్టుబడని తప్పులతో సహా జీవితంలో చేసిన ప్రతి తప్పూ చెప్పమనడం ఇంచుమించు చర్చిలో పాపనివేదన లాంటిది. ఎవడూ పూర్తిగా జవాబు చెప్పలేని ప్రశ్న వేసి, తర్వాత కావలసినవాడి మెడ పట్టుకునే అధికారం చేతిలో ఉంచుకోవడం ఏ ప్రభుత్వానికీ మంచిది కాదు. రాబర్ట్స్ పట్టుకున్న లోపం అదే. ప్రశ్నని మార్చమని పోరాడాలి. కానీ ప్రశ్న చెడ్డదైనంత మాత్రాన అబద్ధపు జవాబు మంచిదైపోదు. ఆ పోరాటం చేయాల్సింది కోర్టులో, చట్టసభలో. టిక్ పెట్టే గడిలో చేసేది పోరాటం కాదు, దాక్కోవడం.

ఇక "మరెక్కడైనా" అన్న మాట. ఇది మమ్మల్ని, అంటే సూరత్ వాళ్ళని, తిన్నగా తగులుతుంది. 2025 ఫిబ్రవరి నుంచి ఇక్కడ హెల్మెట్ నిబంధనని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టాక ఇంటికో ఈ-చలానా వచ్చింది. సెలవుకి వచ్చి నాన్న బండి నడిపిన కుర్రాడికి చలానా వస్తే అది ఎవరిది? కెమెరా చలానా బండి యజమాని పేరు మీద వస్తుంది. నాన్న పేరు మీద వచ్చినదాన్ని కొడుకుకి ఇచ్చిన సైటేషన్ అనగలమా అన్నది లైసెన్సున్న లాయరుని అడగాల్సిన ప్రశ్న. చౌరస్తాలో పోలీసు ఆపి పేరు రాసుకుని రసీదు ఇచ్చిన చలానా అయితే నా ఉద్దేశంలో సందేహం లేదు, రాసెయ్యాలి. మన మోటారు వాహనాల చట్టం కింద చాలా ట్రాఫిక్ తప్పులకి అక్కడికక్కడే డబ్బు కట్టి రాజీ చేసుకోవచ్చు, కోర్టు దాకా పోదు. ఆ ముక్క కూడా వివరణలో ఒక వాక్యంగా రాస్తే చాలు.

మా కుర్రాడికి ఇంతవరకూ చెప్పాక వాడు ఇంకో మాట అన్నాడు. "ఇండియాలో నాకు చలానాలేమీ లేవు బాబాయ్. ఎప్పుడు ఆపినా వందో రెండొందలో చేతిలో పెట్టి వచ్చేసేవాణ్ణి." చాలా మామూలుగా అన్నాడు. చలానా పడితే మచ్చ, లంచం ఇస్తే మచ్చ లేదు! ఈ ఒక్క వాక్యంలో మన దేశంలో కాగితానికీ నిజానికీ ఉన్న సంబంధమంతా ఉంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే. ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే మాత్రం మినహాయింపు. రసీదు తీసుకుని ఫైను కట్టినవాడు తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు, మూల్యం చెల్లించాడు. చేతిలో నోటు పెట్టినవాడు రెండు తప్పులు చేసి ఒక్కదానికీ జాడ లేకుండా చేశాడు. అయినా సిగ్గుపడుతున్నది మొదటివాడే. పట్టుబడని తప్పులు కూడా చెప్పమనే ప్రశ్న ఆ ఫారంలో ఉందని పైన చెప్పాను కదా. దాన్ని తలుచుకుంటే ఎవరికి చెమటలు పట్టాలి?

హేతువాదులుగా మనం గుడి ముందు హుండీని విమర్శిస్తాం. దేవుడికి ముడుపు కట్టి పని జరిపించుకోవాలనుకోవడం మూఢత్వం అంటాం. కానిస్టేబుల్ కి ముడుపు కట్టి పని జరిపించుకోవడం లోకజ్ఞానం అంటామా? పని జరిగితే చాలు, ఏది నిజమో అనవసరం అన్న మనస్తత్వమే ఈ రెండింటికీ తల్లి. ఫారంలో "నో" అని టిక్ పెట్టమనే కన్సల్టెంటు కూడా ఆ తల్లి బిడ్డే. వాడు చెప్పింది తప్పైతే సంతకం ఎవరిది? ప్రమాణం ఎవరిది? ఇంటర్వ్యూ గదిలో వాడు ఉండడు. జాతకం తప్పైనప్పుడు జ్యోతిష్కుడు కనపడనట్టే.

చివరగా పనికొచ్చే నాలుగు మాటలు. నడిపిన ప్రతి రాష్ట్రంలోనూ మీ డ్రైవింగ్ రికార్డు నకలు తెప్పించుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు, జ్ఞాపకం మనకి అనుకూలంగా మరిచిపోతుంది. ప్రతి టికెట్ కీ తేదీ, ఊరు, ఏం తప్పు, ఎంత ఫైను, కట్టేశారా లేదా, ఒక కాగితం మీద రాసుకోండి. పత్రాలు అక్కర్లేని కేసైనా దొరికితే దగ్గర ఉంచుకోండి. ఏదైనా మరిచిపోయి ఫారం పంపేస్తే, ఇంటర్వ్యూ మొదట్లోనే, ఆఫీసరు బయటపెట్టకముందే మీ అంతట మీరు చెప్పండి. సకాలంలో సరిదిద్దుకున్న మాటకి చట్టంలో విలువ ఉంది. మద్యం, అరెస్టు, గాయాలు, కోర్టు వారంటు లాంటివి ఉంటే కన్సల్టెంటు దగ్గరకి కాదు, లాయరు దగ్గరకి పోండి.

మా కుర్రాడు మూడు టికెట్లూ రాశాడు. వాడికి పౌరసత్వం వచ్చిందా లేదా అన్నది ఇక్కడ రాయను. వచ్చిందని రాస్తే మీరు "చూశారా, నిజం రాసినందుకు వచ్చింది" అంటారు. అది కూడా 108 ప్రదక్షిణల లెక్కే అవుతుంది. ఒక్కడి ఫలితం దేనికీ రుజువు కాదు. ప్రశ్న చదవండి, రికార్డు తీయండి, ఉన్నది రాయండి. జవాబు నిజమైతే మళ్ళీ ఎవరు ఎప్పుడు అడిగినా అదే చెప్పొచ్చు. అబద్ధమైతే అది జీవితాంతం గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం.